వేడుక వేటలో కొత్త యంత్రములు – పాత కట్టుబాట్లు

ఉమ్మడి సొత్తును అనుభవించువారి చేతికి కొత్త పనిముట్టు వచ్చినప్పుడెల్ల రెండు ప్రశ్నలు పుట్టును. ఆ పనిముట్టు ఎంత పని చేయును అనునది మొదటిది. ఆ సొత్తును కాపాడుటకై పూర్వము ఏర్పఱచుకొనిన కట్టుబాటు ఇకమీదట చాలునా అనునది రెండవది. మొదటి ప్రశ్నకు పనిముట్టును అమ్మువాడే జవాబు చెప్పును. రెండవ ప్రశ్నను అనుభవించువారే వేసికొనవలెను. అందు ఆలస్యమైనచో నష్టము వారిదే.

మన రైతులకు ఇది బావుల విషయమున అనుభవసిద్ధమే. మోటతో నీరు తోడిన దినములలో ఎద్దులు అలసినపుడు బావికిని విశ్రాంతి దొరకెడిది. రాత్రియంతయు ఊట ఊరి తెల్లవారుసరికి నీరు నిలిచెడిది. ఇంత నీరే తోడవలెనని యెవరును శాసింపలేదు. ఎద్దుల యలసటయే శాసనమై యుండెను. విద్యుత్ మోటారును, బోరుబావియు వచ్చిన పిదప ఆ యలసట తొలగెను. దానితో కూడ బావికున్న రక్షణయు తొలగెను. తుదకు 2002వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమున నీరు, భూమి, వృక్షముల సంరక్షణమునకై చట్టము చేసి, బోర్ల త్రవ్వకమునకు హద్దులు పెట్టవలసి వచ్చెను.

ఇతర దేశములలో గాలముతో చేపలు పట్టు వినోదమునందు నేడు సరిగా ఇట్టి మార్పే జరుగుచున్నది. చెఱువులను ఉమ్మడిగా అనుభవించు మత్స్య సహకార సంఘములు మన జిల్లాలలో అనేకము గలవు. కావున ఆ మార్పు ఎట్టిదో, దానిని అచ్చటివారు ఎట్లు ఎదుర్కొనుచున్నారో తెలిసికొనుట మన సభ్యులకు ప్రయోజనకరమని యెంచి ఇందు వివరించుచున్నాము.

వేడుక వేట యననేమి?

జీవనోపాధికి గాక, ఉల్లాసార్థము గాలము వేసి చేపలు పట్టుటను వేడుక వేట యనవచ్చును. సెలవుదినమున చెఱువుగట్టుపై గాలపుకఱ్ఱ పట్టుకొని కూర్చుండు బాలుడును ఈ కోవలోనివాడే. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, యూరపు దేశములలో ఇది కోట్లకొలది జనుల వినోదము. పడవలు, మోటార్లు, గాలములు, బసలతో కూడిన పెద్ద వ్యాపారము. ఇట్టి వేటగాండ్రు ప్రపంచమున కనీసము 22 కోట్లమంది యుందురని ప్రపంచ బ్యాంకు 2012లో ప్రకటించిన నివేదిక అంచనా వేసెను. ఒక్కొక్కడు పట్టునది నాలుగు చేపలే కావచ్చును. కాని అందఱి నాలుగును కూడినప్పుడు, కొన్ని జాతుల విషయమున, అది వృత్తిజాలరులు పట్టుదానితో సరిసమాన మగుచున్నది.

ఈ వేటను అదుపునం దుంచుటకు ఆ దేశములలో సామాన్యముగ నాలుగు విధముల నియమములు గలవు. మొదటిది అనుమతి పత్రము. రెండవది వేటకు తగిన ఋతువు. మూడవది ఒక్కొక్కరు దినమునకు ఉంచుకొనదగిన చేపల సంఖ్య. నాలుగవది చేప యొక్క కనీసపు పొడవు. అంతకు చిన్నదైన చేపను మఱల నీటిలో వదలవలెను. మన తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపు పడవలతో వేటను ఆపివేయుట ఇందు రెండవ విధమునకు చేరినది.

కాని ఈ నాలుగింటి వెనుక వ్రాయబడని యైదవ నియమ మొకటి దాగియుండెను. అది నీటి మఱుగు. చేప యెచ్చట నున్నదో పైనున్నవానికి కనబడదు. దినమునకు పది చేపల హద్దు పెట్టినను, అనేకులు రెండింటితోనో, వట్టిచేతులతోనో ఇంటికి పోయెడివారు. నియమమును వ్రాసినవారు తెలిసియో తెలియకయో ఆ వట్టిచేతులను లెక్కలో నుంచుకొనియే వ్రాసిరి. మోటయెద్దుల యలసట బావికెట్లో, నీటి మఱుగు చేపకట్లు.

మఱుగును తొలగించిన యంత్రములు

ఆ మఱుగును తొలగించుటలో మొదటిది సోనారు అను శబ్దయంత్రము. సముద్రగర్భమున సంచరించు శత్రునౌకలను కనుగొనుటకై యుద్ధకాలములలో పెంపొందిన విద్య యిది. యంత్రము నీటిలోనికి శబ్దమును పంపును. అది అడుగునో చేపనో తాకి మఱలివచ్చును. నీటిలో శబ్దము సెకనునకు సుమారు 1,500 మీటర్ల వేగమున పోవును. పంపిన శబ్దము సెకనులో 50వ వంతున తిరిగివచ్చినచో, అది పోయి వచ్చిన దూరము 30 మీటర్లు; కావున వస్తువు 15 మీటర్ల దూరమున నున్నదని తెలియును. చేప కడుపులోని గాలితిత్తి శబ్దమును బాగుగా మఱలించును గనుక చేప యున్నచోటు ప్రత్యేకముగ తేలిపోవును. 1950 దశాబ్దపు చివర అమెరికాలో లోరెన్సు అను కుటుంబమువారు చిన్న పడవలకు తగిన సోనారు పెట్టెలను చేసి విక్రయింప మొదలిడిరి.

రెండవది ఉపగ్రహముల సాయమున ఉన్నచోటును తెలుపు జి.పి.ఎస్. యంత్రము. 2000 మే నెల వఱకు అమెరికా ప్రభుత్వము సామాన్యులకు అందు సంకేతములలో బుద్ధిపూర్వకముగ కొంత దోషము కలిపియుంచెను; యంత్రము నూఱు మీటర్ల వఱకు తప్పు చూపెడిది. ఆ దోషమును మానిపిన పిదప సముద్రమధ్యమునగల చిన్న బండరాతిని సైతము, ఒకసారి గుర్తు పెట్టుకొనినచో, మఱునాడు నేరుగ చేరవచ్చును. ఒకప్పుడు అట్టి చోటును తీరపు గుర్తులతో పోల్చుకొనుటకు ముదుసలి జాలరికి జీవితకాలము పట్టెడిది.

మూడవది ఇటీవలిది. 2018లో గార్మిన్ సంస్థ లైవ్‌స్కోపు అను యంత్రమును విడుదల చేసెను. తరువాత ఇతర సంస్థలును అట్టివానిని తెచ్చినవి. పాత సోనారు పడవ దాటిన నీటిని మాత్రము చూపెడిది. ఇది పడవకు ముందున్న నీటిని కదలు బొమ్మగా చూపును. చేప ఎఱ దగ్గఱకు వచ్చుట, సందేహించుట, వెనుదిరుగుట అంతయు తెరపై కనబడును. వేటగాడు చేపను చూచియే దాని ముందఱ ఎఱ వేయవచ్చును. దీనికి తోడు, లంగరు లేకయే పడవను ఒకేచోట నిలుపు విద్యుత్ మోటార్లు వచ్చినవి. సెల్‌ఫోనులో చెఱువు అడుగు పటములు దొరకుచున్నవి. ఒకడు మంచి చోటు కనుగొని బొమ్మ పంపినచో సాయంకాలమునకు వందమందికి తెలియుచున్నది.

పట్టుబడి చెప్పు మాటను నమ్మవచ్చునా?

చేపలు తగ్గుచున్నవా లేదా అని తెలిసికొనుటకు చిరకాలముగ వాడుకలోనున్న కొలత, గంటకు ఎన్ని చేపలు పడినవి అనునది. పట్టుబడి తగ్గనిచో చేపలు తగ్గలేదని యెంచెదరు. ఇందొక ప్రమాదము గలదు.

వేసవిలో చెఱువు ఎండుచున్నప్పుడు చేపలన్నియు మిగిలిన మడుగులో చేరును. ఆ దినములలో వల వేసినవానికి ఎన్నడును పడనన్ని చేపలు పడును. అది సమృద్ధి కాదు, తుది దశ. కొత్త యంత్రము చేయు పనియు ఇట్టిదే. చేపలు సగమైనను, మిగిలిన సగము ఎచ్చట గుమిగూడెనో యంత్రము చూపుచున్నంత కాలము పట్టుబడి తగ్గదు. తగ్గుట కనబడు నాటికి ఆలస్యమై యుండును.

దక్షిణ కాలిఫోర్నియా తీరమున ఇట్టి మోసము నిజముగ జరిగెను. అచ్చట వేడుక వేటగాండ్రకు ప్రియమైన రెండు బాస్ జాతుల చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున ఒకచోట గుంపులుగ చేరును. పడవలు ఆ గుంపులనే వెదకి పోయెడివి. గుంపు నిలిచియున్నందున పట్టుబడియు నిలిచియే యుండెను. సముద్రములో మాత్రము ఆ చేపలు మిక్కిలి క్షీణించినవి. ఈ సంగతి 2011లో ప్రకటితమైన పరిశోధనలో వెల్లడి కాగా, 2013లో ప్రభుత్వము దినపు హద్దును 10 నుండి 5కు తగ్గించి, కనీసపు పొడవును 12 అంగుళముల నుండి 14కు పెంచెను.

ఇచ్చట న్యాయముగ ఒక మాట చెప్పవలెను. యంత్రము కొన్న ప్రతివాడును గొప్ప వేటగాడు కాడు. అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున క్రాపీ చేపలపై చేసిన పరీక్షలో, సామాన్యుల చేతిలో ఈ కదలు బొమ్మల సోనారు వలన పట్టుబడిలో పెద్ద భేదము కానరాలేదు. ఆరితేరినవారి చేతిలోనే దాని బలము హెచ్చు. కావున యంత్రమును చూచి భయపడుటకన్న, ఏ నీటిలో, ఎవరి చేతిలో, ఎన్ని చేపలు పోవుచున్నవో లెక్కించుటయే వివేకము.

లెక్క యున్నవారికి ఏడాది, లేనివారికి మూడు దినములు

లెక్క యొక్క విలువను తెలుపు ఉదాహరణము మెక్సికో సింధుశాఖలోని రెడ్ స్నాపరు అను ఎఱ్ఱచేప. మితిమీఱిన వేటవలన క్షీణించిన యీ జాతిని మఱల పెంపొందించుటకై అమెరికా ప్రభుత్వము ఏటేట పట్టదగిన మొత్తము తూకమును నిర్ణయించి, అందు నూటికి 51 పాళ్లు వృత్తిజాలరులకును, 49 పాళ్లు వేడుక వేటగాండ్రకును కేటాయించెను.

వృత్తిజాలరులకు 2007 నుండి ఒక్కొక్కరికి ఒక్కొక్క వాటా నిర్ణయించిరి. ఒడ్డునకు తెచ్చిన ప్రతి చేపయు తూకమై వాటాలో తగ్గింపబడును. వాటా మిగిలియున్నంత వఱకు వారు సంవత్సరములో ఎప్పుడైనను పోవచ్చును. వేడుక వేటగాండ్రు లక్షలమంది. వారి చేపలను తూచువారు లేరు. కావున వారిని అదుపుచేయుటకు ఋతువును కుదించుట యొక్కటే సాధనమయ్యెను. 2007లో 194 దినములున్న ఋతువు 2014లో 9 దినములయ్యెను. 2017లో మొదట మూడు దినములే ప్రకటించి, జనుల యాగ్రహమును చూచి 39 దినములు పొడిగించిరి.

దీనికి యంత్రము లొక్కటే కారణము కావు. చేపలు పెంపొంది, ఒక్కొక్కటి బరువెక్కినందున నిర్ణీతమైన తూకము త్వరగ నిండెను. రాష్ట్రములు తమ తీరజలములలో వేఱుగ వేటను అనుమతించినవి. వీనికి తోడు పడవలు వేగవంతములై, బండల చోట్లు యంత్రములలో నిక్షిప్తమై, ఒక్కొక్క దినమున పట్టు తూకము హెచ్చెను. దినములను తగ్గించిన కొలది జనులు ఆ దినములలోనే త్రొక్కిసలాడిరి. గాలివాన యున్నను చిన్న పడవలు సముద్రమునకు పోసాగినవి.

లెక్కకు వచ్చిన సెల్‌ఫోను

ఈ చిక్కును విడదీయుటకు తోడ్పడినదియు కొత్త యంత్రమే. ఆలబామా రాష్ట్రము 2014లోను, మిసిసిపి రాష్ట్రము 2015లోను, రెడ్ స్నాపరును తెచ్చిన ప్రతి పడవయు లెక్క తెలుపవలెనని నియమించినవి. మిసిసిపి పద్ధతి మిగుల సులభము. పడవ బయలుదేరక ముందే సెల్‌ఫోను ద్వారా ఒక యాత్రాసంఖ్యను పొందవలెను. తిరిగివచ్చిన పిదప ఎన్ని చేపలు తెచ్చిరో తెలిపి ఆ సంఖ్యను ముగింపవలెను. పాత యాత్రను ముగింపనివానికి కొత్త సంఖ్య దొరకదు.

అందఱును నిజము చెప్పుదురా అను ప్రశ్న రాకమానదు. అందులకై ఉద్యోగులు రేవులలో కొన్ని పడవలను స్వయముగ పరీక్షింతురు. తాము చూచిన నూఱు పడవలలో డెబ్బదియే లెక్క పంపినట్లు తేలినదనుకొందము. అప్పుడు వచ్చిన లెక్క మొత్తములో డెబ్బది పాళ్లేయని గ్రహించి దానిని సరిచేయుదురు. పరీక్ష లేని లెక్క వట్టి మాట; లెక్క లేని పరీక్ష సముద్రములో చెంబుడు నీరు. రెండును కలిసినప్పుడే ఫలము. 2018లో ప్రయోగార్థముగను, 2020 నుండి స్థిరముగను, తమ పడవల ఋతువును నిర్ణయించు అధికారము ఆ తీరపు అయిదు రాష్ట్రములకు లభించెను. మూడు దినముల ఋతువు మఱల వారములును నెలలును అయ్యెను.

లెక్కించుట సులభమని యెవరును భ్రమపడరాదు. కేంద్రప్రభుత్వము ఉత్తరముల మూలమున ప్రశ్నించి కట్టిన అంచనాయు, రాష్ట్రముల లెక్కయు ఒకటికి రెండింతలు భేదించిన సందర్భములు గలవు. ఆ ఉత్తరములలోని ప్రశ్నల వరుసను మార్చి చూడగా, జనులు వేటకు పోయిన పర్యాయముల అంచనా నూటికి 30 మొదలు 40 పాళ్ల వఱకు తగ్గినట్లు 2023లో ప్రకటించిరి. రెండు నెలల సంగతి ముందడిగి సంవత్సరపు సంగతి తరువాత నడిగినచో మనుష్యుడు తికమకపడును. వరుస మార్చి అడిగినచో తప్పులు తగ్గెను.

వదలిన చేప బ్రదుకునా?

చిన్న చేపను వదలవలెనను నియమము, వదలిన చేప బ్రదుకుననెడి నమ్మకముపై నిలిచినది. లోతు నీటిలో ఆ నమ్మకము చెల్లదు. ప్రతి పది మీటర్ల లోతునకు నీటి యొత్తిడి ఒక వాతావరణపు పాళ్లు పెరుగును. 30 మీటర్ల లోతున ఉపరితలముకంటె నాలుగింతల యొత్తిడి యుండును. అచ్చటి చేపను పైకి లాగినచో దాని గాలితిత్తిలోని గాలి నాలుగింతలు ఉబ్బును; కడుపు నోటి వెలుపలికి పొడుచుకొనివచ్చును. అట్టి చేపను వదలినను అది మునుగలేక తేలియుండి, పక్షులకో పెద్దచేపలకో ఆహారమగును.

దీనికి విరుగుడు స్వల్పమైనది. చేప దవడను పట్టు పటకారు వంటి సాధనమునకు బరువు కట్టి దింపుదురు. తగిన లోతునకు పోగానే నీటి యొత్తిడిచేత ఆ పటకారు తనంతట విడివడును. గాలి మఱల కుదించుకొనిన చేప ఈదుకొనిపోవును. మెక్సికో సింధుశాఖలో ఇట్టి సాధనమునుగాని, గాలిని తీయు సూదినిగాని పడవలో సిద్ధముగ నుంచుకొనవలెనను శాసనము 2022 జనవరిలో అమలునకు వచ్చెను.

యంత్రమునకే హద్దు పెట్టుట

కొన్నిచోట్ల లెక్కతో తృప్తిపడక పనిముట్టునకే హద్దు విధించిరి. దక్షిణాఫ్రికాలో ఎగురు యంత్రములచేత ఎఱను అలల కావలికి చేరవేసి గాలము వేయుట ప్రబలెను. అది నిషిద్ధమని ప్రభుత్వము ప్రకటింపగా, 2022లో ప్రిటోరియా ఉన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును సమర్థించెను. అమెరికాలో బాస్ చేపల పందెములు నడుపు పెద్ద సంస్థ యొకటి, తన ముఖ్యమైన పందెములలో పడవకు ఒక్క కదలు బొమ్మల సోనారు మాత్రమే యుండవలెనని 2025లో నియమించెను. పందెము నేర్పునకా, డబ్బునకా అనునది అచ్చటి వివాదము. ఎవరి యొద్ద సొమ్ము కలదో వారికే చేప యనినచో ఉమ్మడి సొత్తు ఉమ్మడిగా నిలువదను భయము దాని వెనుక గలదు.

కావేరి యొడ్డున వ్రాసిన చిట్టా

లెక్కకు సెల్‌ఫోనే కావలెనని లేదు. మన దక్షిణదేశమున కావేరినది మహాశీర్ చేపలకు ప్రసిద్ధము. కర్ణాటకమున గాలిబోరె యను చోట వేటగాండ్రు చేపను పట్టి, తూచి, మఱల నదిలో వదలెడివారు. పట్టిన ప్రతి చేపను చిట్టాలో వ్రాసెడివారు. 1998 మొదలు 2012 వఱకు వ్రాసిన యా చిట్టాలను శాస్త్రజ్ఞులు పరిశీలించి 2015లో ఫలితము ప్రకటించిరి. మొత్తముమీద మహాశీర్ల పట్టుబడి పెరుగుచుండెను. కాని జాతులను వేఱుచేసి చూడగా, పెరిగినది వేఱొక జాతి. కావేరికే ప్రత్యేకమైన గూనిమహాశీర్ అంతరించు దశకు చేరియుండెను. 2018లో అది అత్యంత ప్రమాదస్థితిలోనున్న జీవుల పట్టికలో చేర్చబడెను. జాతిపేరును వేఱుగ వ్రాసిన ఆ చిట్టా లేనిచో, పెరుగుచున్న మొత్తమును చూచి అందఱును సంతోషించి యుందురు.

మన సంఘములకు దీనివలన తెలియునది

సేద్యపు నీటి విషయమున మన రైతులు ఈ మార్గమును తొక్కియే యున్నారు. నాటి ఆంధ్రప్రదేశములోని అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబునగరము, నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో ఒక పథకము క్రింద రైతులే వర్షమును కొలిచి, ఎంచుకొనిన బావులలో నీటిమట్టమును వ్రాసి, ఆ యేటి నీటికి తగిన పైరును తామే చర్చించుకొనిరి. మోటారును తీసివేయలేదు, మోటారు ఎంత తోడుచున్నదో తెలిసికొనిరి.

చెఱువును ఉమ్మడిగా అనుభవించు సంఘములు ఈ క్రింది నాలుగు సంగతులను సర్వసభ్యసభలో ఆలోచింపదగును. మొదటిది: కొత్త వలగాని, దీపముగాని, యంత్రముగాని చెఱువులో దిగకముందే దానిని గూర్చి తీర్మానము చేయవలెను, దిగిన పిదప తీయించుట కష్టము. రెండవది: పట్టిన చేపల తూకము మాత్రమే గాక, ఎన్ని గంటలు, ఏ పనిముట్టుతో, ఏ జాతివి ఎన్ని పట్టిరో చిట్టాలో వ్రాయవలెను. మూడవది: వంతులవారీగ ఇద్దఱు సభ్యులు అప్పుడప్పుడు ఒడ్డున నిలిచి చిట్టాను సరిచూడవలెను, ఇందు ఒకరిని అనుమానించుట లేదు, అందఱి లెక్కకును గౌరవము తెచ్చుట గలదు. నాలుగవది అన్నిటికంటె ముఖ్యము: ఆ లెక్కను చూచియే మఱుసటి యేటి కట్టుబాటును మార్చవలెను. తాము వ్రాసిన దానిని ఎవరును చదువుట లేదని తెలిసిన నాడు సభ్యులు వ్రాయుట మానుదురు. మెక్సికో సింధుశాఖ వేటగాండ్రకు ఋతువు మఱల పెరిగినది వారు యంత్రములను విడిచినందున కాదు; తమ చేపలను తామే లెక్క చెప్పుకొన నేర్చినందున.